పొర్లుదండాల బుట్టబంతి

కడప,
జనవరి 1955.

మా అయ్యన్న బావకు,

ఓబులేసు నమస్కారం. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. అక్కకు మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. తగ్గకపోతే నీ మెస్సులో పిండి రుబ్బే పని ఆమెకు తప్పించు. తమ్ముడిగా చెప్పవలసింది చెప్పాను, ఇక అసలు సంగతికి వస్తాను.

బావా, నేను గురువునయ్యాను. నవ్వకు. కోర్టు గోడవారన బల్ల వేసుకుని ఊరివాళ్లకు అర్జీలు రాసిపెట్టుకునేవాడు బాస్కెట్‌బాల్‌కు గురువెట్లయ్యాడని నీకు సందేహం రావాలి. నాకూ వచ్చింది, కానీ ఆలస్యంగా.

జరిగిందేమంటే, ఇక్కడి పిల్లోళ్లకు ఆ ఆట నేర్పుతుండిన పాదిరీ దొర వాళ్ల దేశానికి వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఒక బంతి, బుట్టలకు బిగించే రెండు గుండ్రటి ఇనుప కమ్మీలు, సగం చిరిగిన ఒక ఇంగ్లీషు పుస్తకం వదిలిపోయాడు. పిల్లోళ్లు పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, "రైటరయ్యా, దీంట్లో ఏముండాదో చదివి చెప్పప్పా, నీకు రాని ఇంగ్లీషు ఉండాదా?" అన్నారు. అక్కడే పడిపోయాను. నా ఇంగ్లీషు ఎంతటిదో నీకు తెలుసు. కిరసనాయిలు డబ్బాల మీద మొదలై కోర్టు సమన్లలో ముగిసింది. కానీ నేను పుట్టి బుద్ధెరిగి "తెలియదు" అన్న మాట ఎవరి ముందైనా అన్నానా? మా నాయన చావుబతుకుల్లో ఉండి "నేను బతుకుతానారా?" అని అడిగితే, దానికీ జవాబు చెప్పినవాణ్ణి. తప్పు జవాబే అనుకో.

ఆట ఏమంటే, మనిషి చేతికందని ఎత్తులో అడుగులేని బుట్ట ఒకటి కడతారు. అందులో బంతి వేస్తారు. అడుగు లేదు గనక కిందపడుతుంది. మళ్లీ తెచ్చి వేస్తారు. మన ఇళ్లలో ఆడవాళ్ల పని లాంటిది, తెమిలేది కాదు. అమెరికాలో ఈ ఆట ఆడేవాళ్లకు నెల జీతాలిస్తారని పుస్తకంలో ఉంది. ఆ జీతగాళ్లు ఆడే పేరుమోసిన ఎత్తు ఒకటుంది, దాని పేరు 'స్క్రీన్ అండ్ రోల్'. ఒక ఆటగాడు 'స్క్రీన్' వేస్తాడట, ఆ పైన 'రోల్' అవుతాడట, అంతటితో ఎదుటివాళ్ల పని అయిపోతుందట. పక్కన బొమ్మ కూడా ఉంది. గుండ్రాలు, అడ్డగీతలు, బాణాలు. మొదట ఎవరిదో జాతకచక్రం అనుకున్నాను.

స్క్రీన్ అంటే తెర. ఇందులో నాకు అనుమానం లేదు. పెళ్లిలో పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్య పట్టే అడ్డుతెర ఉంది కదా, అట్లాంటిదన్నమాట. నా దుప్పటి తెచ్చి ఇద్దరి చేత పట్టించాను. దాని వెనక నుంచి మా గాబ్రియేలు బంతి కొట్టుకుంటూ రావాలి. వాడు అచ్చాపీసులో అక్షరాలు కూర్చే పని చేస్తాడు, పొట్టివాడు, చేపపిల్ల లాగ జారిపోతాడు. ఎవరికీ కనపడకుండా వచ్చాడు, నిజమే. వాడికీ ఎవరూ కనపడక నేరుగా పోయి గోడకు కొట్టుకున్నాడు. చూడవచ్చినవాళ్లు అక్షింతలు ఏవని అడిగారు.

నవ్వుకున్నావు కదా, ఇప్పుడు విను. మా జట్టులో హుసేన్ వలి అని ఒకడున్నాడు. బస్టాండులో మూటలు బస్సు టాపు మీదికి ఎక్కిస్తాడు. నిచ్చెన లేకుండానే అందుకుంటాడు, అంత పొడుగు. వచ్చే నెల మీ కర్నూల్లో పోటీలు. రిజర్వు పోలీసు జట్టులోకి ఆటగాళ్లను ఎంచుకోవడానికి ఒక ఆఫీసరు వచ్చి చూస్తాడట. ఎంపికైనవాడికి కానిస్టేబులు ఉద్యోగం. వాడికది దొరకాలి బావా. మూటల కింద వాడి నడుము ఇప్పుడే వంగుతోంది. వాళ్లమ్మ మాబీకి నేను మాటిచ్చాను. ఆ ఆఫీసరు నీ మెస్సులో తింటాడని విన్నాను. ఒక్క మాట వేసి పెట్టు.

నీ బామ్మర్ది,
ఓబులేసు.


కర్నూలు,
జనవరి 1955.

చిరంజీవి ఓబులేసుకు,

ఆశీస్సులు. మీ అక్క మోకాలు బాగుంది. పిండి నేనే రుబ్బుతున్నాను. నువ్వు గురువైన లోకంలో నేను పిండి రుబ్బడం వింతేమీ కాదు.

నీ ఉత్తరం చదివి శానా ఆనందించాను. దుప్పటి ఉతికించావా?

ఆఫీసరుకు మాట వేయడం మాత్రం కుదరదప్పా. రాజధాని వచ్చినాక ఈ ఊరు నీకు తెలిసిన కర్నూలు కాదు. ఎటు చూసినా గుడారాలు, గుడారానికొక ఆఫీసు. నా మెస్సులో జవాను మొదలు ఆఫీసరు దాకా తింటున్నారు. ఒకరికి మాట వేస్తే ఇంకొకరికి కోపం. వడ్డించేవాడు ఎవరి పక్షానా ఉండకూడదు. నెయ్యి కూడా అందరికీ ఒకే గరిటెతో వేస్తాను, చిన్న గరిటెతో.

అదలా ఉంచు. తెర సంగతి తెలిసింది గానీ, ఆ 'రోల్' సంగతేమిటి? వివరంగా రాయి. ఎవడు ఎక్కడ నిలబడతాడు, ఎటు పోతాడు, అంతా రాయి. వయసు మీరిన కొద్దీ మనిషికి విద్య మీద ఆసక్తి పెరుగుతుంది కదా, అందుకు అడుగుతున్నా. వేరే ఏమీ లేదు.

అయ్యన్న.


కడప,
జనవరి ఆఖరు.

అయ్యన్న బావకు,

నీకు విద్య మీద ఆసక్తి కలిగినందుకు సంతోషం. ఈ వయసులో దంతాలు మళ్లీ మొలిచినంత సంతోషం.

తెర అంటే గుడ్డ కాదు బావా, మనిషే. ఈ మాట గాబ్రియేలు గోడకు కొట్టుకున్న రాత్రి బొమ్మను తలకిందులుగా పట్టుకున్నప్పుడు తట్టింది. పట్టుకున్నది తలకిందులుగా అని మరుసటి రోజు తెలిసింది, అది వేరే కథ. గాబ్రియేలు బంతి కొట్టుకుంటూ వస్తాడా, వాణ్ణి కాసుకుంటూ ఎదుటి జట్టువాడొకడు అంటుకునే వస్తుంటాడు. వాడి దారికి అడ్డంగా హుసేన్ వలి గుంజ పాతినట్టు నిలబడతాడు. గాబ్రియేలు వీడి భుజం రాసుకుంటూ దాటిపోతాడు. వెంటపడేవాడు వచ్చి వీడికి గుద్దుకుని ఆగిపోతాడు. అయితే గుంజ కదలకూడదు. కదిలి గుద్దితే మన తప్పు, ఈల వేస్తారు. నిలబడివున్నదాన్ని వచ్చి గుద్దుకుంటే వాడి ఖర్మ. మన పశువులను కట్టే గాటిపాటి ఇళ్ల పొట్టి గుమ్మాలు ఇన్నాళ్లూ ఈ ఆటే ఆడుతున్నాయి నా తలతో.

ఇక రోల్. నిఘంటువు తీశాను. పొర్లు, దొర్లు, చుట్టగా చుట్టు, హాజరుపట్టీ అని ఉంది. ఆట నడుమ హాజరు వేయమనడం బాగుండదని నాకూ తెలుసు. బంతిని వదిలి మనిషి చుట్ట చుట్టుకోవడం అంతకన్నా బాగుండదు. మిగిలింది పొర్లడం. పుస్తకం స్పష్టంగా చెబుతోంది, గుంజలాగ నిలబడ్డవాడు వెంటనే బుట్ట వైపు 'రోల్' కావాలని. అంటే కిందపడి బుట్ట దాకా పొర్లాలి! మన గుళ్లలో పొర్లుదండాలు పెట్టినట్టు. ఎదుటివాళ్లు అది చూసి బిత్తరపోతారు, ఆ సందులో గాబ్రియేలు బంతి వేస్తాడు. అమెరికావాళ్ల బుర్రే బుర్ర అనుకున్నాను.

హుసేన్ వలి ఎదురు చెప్పని మనిషి. గరుసు నేల మీద పొర్లాడు. రెండో రోజూ పొర్లాడు. మూడో రోజు మాబీ వచ్చింది. ఊరంతా కోర్టు దగ్గర చూస్తుండగా నా బల్ల మీది సిరా సీసా పక్కకు జరిపి, చేయి ఆనించి నిలబడింది.

"ఏమప్పా రైటరయ్యా, మా వాని మోచేతులు చూసినావా? తోలు లేసిపోయి ఉండాది. యాడ నేర్చినావు ఈ ఆట?"

"అమెరికా ఆటమ్మా ఇది, జీతగాళ్లు ఆడేది," అన్నాను.

"జీతగాళ్లు పొర్లుతాండారా నేల మీద? నేను దర్గాకు మొక్కినప్పుడు గూడా ఇట్ల పొర్లించల్యా నా కొడుకును. పోలీసాయప్పకు ఒళ్లు చూపించేకి పంపమంటివి గానీ, ఒలిచి పంపమంటివా?"

అక్కడున్న వకీళ్లందరూ ఒక్కసారిగా కాయితాలు సర్దుకున్నారు. నవ్వు దాచుకోవడానికి కాయితాలు పనికొచ్చినట్టు మరేదీ పనికిరాదు. నేను నా వైపు వాదన వినిపించాను. నేను రాసిన అర్జీలు ఎన్ని గెలిచాయో అంత గెలిచింది.

అయినా విడిచేది లేదు. నేలమీద ఇసుక పోయిస్తాను. పొర్లడంలో పట్టు సాధించి తీరుతాము.

ఓబులేసు.


కర్నూలు,
ఫిబ్రవరి 1955.

చి. ఓబులేసుకు,

మాబీ మాటలకు బెదరొద్దు. ఇసుక మంచి ఆలోచన. పొర్లించు, బాగా పొర్లించు. పుస్తకంలో ఉన్నదాన్ని మార్చడానికి మనమెవరం? ఎటు వైపు పొర్లుతాడో, కుడికా ఎడమకా, ఆ ముక్క కూడా రాస్తే బాగుంటుంది.

ఉత్తరం చివర మీ అక్క ఏదో రాస్తానంటే చోటు వదిలాను. మోకాలి సంగతే అయివుంటుంది.

అయ్యన్న.

తమ్ముడా, నేను సుంకమ్మను. మోకాలు గాదు. మీ బావ నీ జాబులు అన్నం బంతిలో నిలబడి పైకి చదువుతాండాడు. తినేటోళ్లు నవ్వి నవ్వి మజ్జిగ మీద పోసుకుంటాండారు. 'మీ బంతిలో మా బామ్మర్ది బంతి' అంటాడు, మళ్లా నవ్వుతారు. నాకు మనసున బాగాలేక రాస్తాండా. వస్తాండాడు, ఉంటా.


కడప,
ఫిబ్రవరి.

అయ్యన్న గారికి,

క్షేమం. పొర్లడం గురించి ఇక మీదట రాయదలచలేదు. ఎడమకా కుడికా అనేది మా జట్టు సొంత విషయం. పిల్లలు బయల్దేరి వస్తారు, భోజనం పెట్టండి. వారి ముందు నా ఉత్తరాలు చదవకుంటే మేలు.

ఇట్లు,
ఓబులేసు.


కర్నూలు,
ఫిబ్రవరి, పోటీలైన మర్నాడు.

ఒరే మోసగాడా,

ఆశీస్సులు లేవు. శానా కోపంగా ఉన్నాను. కోపం ఎవరి మీదనో సరిగా తేలక ముందు నీకు రాస్తున్నాను.

ఒకటి ఒప్పుకుంటాను. నా మెస్సులో ఒకే వరసన కూర్చుని తినేవాళ్లలో ఐదుగురు ఆ గుడారాల ఆఫీసుల జట్టు. మీ వాళ్లు ఆడింది వాళ్లతోనే. నీ ఉత్తరాలు మొదట నవ్వులకే చదివాను. తర్వాత వాళ్లే, "పెద్దాయనా, కడప నుంచి జాబు రాలేదా?" అని అడగడం మొదలుపెట్టారు. నన్ను ఇంత మర్యాదగా ఎవరూ ఏదీ అడిగింది లేదు. ఇంకొంచెం రసం పోయమని తప్ప. మనసు కరిగింది. వివరాలు నిన్నడిగి వాళ్లకు చేరవేశాను.

వాళ్లలో హుసేన్ వలిని కాసుకునేవాడి పేరు చిన్న ఈరన్న. చిన్న అనేది పేరులోనే. అతనికి నేనే పాఠం చెప్పాను: "ఆ పొడుగోడు గుంజ మాదిరి నిలబడి, గభాలున కిందపడి పొర్లుతాడు. నీ కాళ్ల కిందికొస్తాడు. తొక్కినావంటే తప్పు నీ మీదికొస్తాది. పక్కకు తొలిగి నేల చూసుకో."

ఆట మొదలైంది. గాబ్రియేలు బంతి కొట్టుకుంటూ వచ్చాడు. హుసేన్ వలి అడ్డం నిలబడ్డాడు. గాబ్రియేలు వెంట ఉన్నవాడు వచ్చి వీడికి గుద్దుకుని గోడకేసిన పేడ ముద్దలాగ ఆగాడు. చిన్న ఈరన్న తొలిగి నేల చూశాడు. ఊరు ఊరంతా బంతిని చూస్తుంటే వాడొక్కడు నేలను చూస్తున్నాడు! మీవాడు పొర్లితేనా? మడమ మీద గిర్రున తిరిగి, గుద్దుకున్నవాణ్ణి వీపుకు వదిలేసి, చెయ్యి పైకెత్తి బుట్ట కిందికి పోయాడు. గాబ్రియేలు బంతి అందించాడు. మూట టాపు మీద పెట్టినంత నింపాదిగా బుట్టలో పెట్టాడు.

"ఇంకా పొర్లల్యా, ఆగండప్పా, ఇప్పుడు పొర్లుతాడు!" అని నేను గట్టు మీద నుంచి అరుస్తున్నాను. మళ్లీ అదే జరిగింది. మళ్లీ. సగం ఆటకు విరామమిస్తే చిన్న ఈరన్న నా దగ్గరికి వచ్చి, "పొర్లేది ఎప్పుడు పెద్దాయనా, మేం రిటైరైనాకనా?" అన్నాడు.

రెండో సగంలో వాళ్లకు తెలివొచ్చింది. హుసేన్ వలిని వదల్లేదు. వీణ్ణి పట్టుకుంటే గాబ్రియేలు ఖాళీ, గాబ్రియేలు మీద ఇద్దరు పడితే వీడు ఖాళీ. గాబ్రియేలు ఖాళీగా దొరికినప్పుడు వేసిన బంతులు కమ్మీకి తగిలి తగిలి బయటపడ్డాయి. ఒక్క బుట్ట తేడాతో మీ వాళ్లు ఓడిపోయారు.

జనం గాబ్రియేలుకు చప్పట్లు కొట్టారు. అడ్డం నిలబడినవాణ్ణి ఎవరు చూస్తారు? ఆఫీసరు కూడా ముందు గాబ్రియేలునే పిలిచాడు. వడ్డించేవాడు ఎవరి పక్షానా ఉండకూడదని నీకు నీతి చెప్పినవాణ్ణి, ఉత్తరాలు వడ్డించేటప్పుడు ఆ నీతి ఏమైందిరా? లేచి పోయి, మా జట్టువాళ్లు చూస్తుండగానే ఆఫీసరుతో అన్నాను: "దొరా, ఆ పొట్టోడు దాటినప్పుడల్లా వీళ్లు గుద్దుకున్నది ఎవరినో చూసినారా?"

ఆఫీసరు హుసేన్ వలిని పిలిచి, చొక్కా తీయమన్నాడు. ఛాతీ నిండా మోచేతి దెబ్బలకు కమిలిన మచ్చలు. "ఒక్కసారి గూడా కదలలేదు నువ్వు. ఎవరు నేర్పినారు?" అన్నాడు.

మీవాడు, "రైటరయ్య దొరా. కదిలితే మన తప్పంట," అన్నాడు.

"తిరునాళ్లలో జనాన్ని ఆపేకి నాకు ఇట్లాంటోడే కావాల," అన్నాడు ఆఫీసరు. తీసుకున్నాడు రా. మాబీకి చెప్పు.

నా మెస్సులో ఈ పూట ఒక విస్తరి ఖాళీ. చిన్న ఈరన్న ఎదురు మెస్సుకు పోయాడు. పోనీ, వాడు ముగ్గురి అన్నం తినేవాడు.

ఇప్పుడు చెప్పు. పొర్లడం అని రాసి, తిరగడం నేర్పించావే, ఇంత కపటం మీ ఇంట్లో ఎవరిదగ్గర నేర్చావు? మీ అక్కనడిగితే "నాకేం తెలుసు" అంటూ నిన్నటి నుంచి నవ్వుతోంది. ఇంకొకటి, జట్టంతా దిగింది, గురువు ఎందుకు దిగలేదు? పిల్లోళ్లను అడిగితే ఒకరి మొగం ఒకరు చూసుకుంటున్నారు.

అయ్యన్న.


కడప,
మార్చి 1955.

బావా,

మాబీకి చదివి వినిపించాను. విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత, "తోలు మళ్లా వచ్చుంటాదా?" అని అడిగింది. వచ్చివుంటుందన్నాను. నాకు తెలియని సంగతే అయినా, ఈసారి జవాబు తప్పు కాదని నమ్మకం.

నీ కపటం మాటకొస్తే, నన్ను అంత తెలివిగలవాణ్ణి చేసినందుకు కృతజ్ఞుణ్ణి. ఊళ్లో ఎవరైనా అడిగితే అవునని చెబుతాను. నీకు మాత్రం నిజం.

మాబీ తిట్టిన వారానికి బస్టాండులో నిలబడివున్నాను. వేంపల్లె బస్సు వచ్చింది. జనం ఎట్లా మీదపడతారో నీకు తెలుసు. బుట్ట నెత్తిన పెట్టుకుని నిండైన ఒక పెద్దమ్మ, ఆమె వెనక ఎండిన చింతబరికె లాంటి మొగుడు. ఆమె తలుపు ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. జనం వచ్చి ఆమెకు గుద్దుకుంటున్నారు, ఆమె కదిలితే కదా! మొగుడు ఆమె మోచేతి సందున జారి లోపలికి పోయాడు. జనమంతా వాడి మీద పడి, "యాడికి దూరుతాండావయ్యా, మేం మనుషులం గాదా?" అని అరుస్తున్నారు. ఆ అరిచే అదనులో ఆమె తలుపు మడతబందు మీద తిరిగినట్టు తిరిగి, జనాన్ని వీపుకు వదిలేసి లోపలుంది. ముందు సీటు. కిటికీ పక్క. మొగుడు బుట్ట అందుకున్నాడు.

ఆమె పొర్లలేదు బావా. తిరిగింది. నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. జీతగాళ్ల ఎత్తు ఇది. అందరూ లోపలికి జారినవాణ్ణి చూస్తుండగా అడ్డం నిలబడినవాడు తిరిగిపోవడం. మన బస్టాండులో ప్రతి పూటా ఊరికే ఆడుతున్నారు, నేను దాన్ని ఇంగ్లీషులో వెతుకుతున్నాను.

మర్నాటి నుంచి తిరగడమే నేర్పాను. నీకు రాయబోయాను. అప్పుడే అక్క రాసిన ముక్క అందింది. పొర్లించిన సంగతి అన్నం బంతిలో చదివి నవ్వించావని తెలిసినాక, "అది తప్పు, నేనొక గాడిదను" అని రెండో ఉత్తరం రాసి ఇంకొక బంతికి వడ్డించబుద్ధి కాలేదు. సిగ్గు పడి దాచాను. అంతే కపటం. నా సిగ్గు మిమ్మల్ని సగం ఆట దాకా ఓడించింది. నా తెలివి అయివుంటే మొదటి నిమిషంలోనే మేమే ఓడిపోయేవాళ్లం.

ఇక రాకపోవడం సంగతి. పిల్లోళ్లు చెప్పకపోవడం వాళ్ల మర్యాద. ఆ పొద్దు కర్నూలు బస్సు దగ్గర జనం విరగబడ్డారు. జట్టంతా ఎక్కకపోతే పోటీ పోతుంది. నేను పెద్దమ్మను తలుచుకుని తలుపు ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాను. గుద్దారు, తిట్టారు, ఒకాయన గొడుగుతో పొడిచాడు. కదల్లేదు. నా మోచేతి సందున జట్టు జట్టంతా ఎక్కింది. నా జన్మలో ఒకే ఒక్క పనైనా సరిగ్గా పుస్తకంలో ఉన్నట్టు చేశానని పొంగిపోతూ అట్లే నిలబడ్డాను. బస్సు పోయింది.

తిరగడం మరిచిపోయాను బావా.

ఓబులేసు.


కర్నూలు,
మార్చి.

చి. ఓబులేసుకు,

ఆశీస్సులు, ఈసారి నిండుగా. నీ ఉత్తరం బంతిలో చదవలేదు. మీ అక్కకు ఒక్కదానికే చదివాను. నవ్వి నవ్వి, ఆనక కళ్లు తుడుచుకుని, "వాడు చిన్నప్పట్నుంచి అంతే, అందరినీ ఎక్కించి నిలబడుకుంటాడు" అంది.

హుసేన్ వలి సెలవు మీద కడపకు వస్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నిన్ను వెంటబెట్టుకు రమ్మని చెప్పాను. ఉగాదికి నువ్వు ఇక్కడ ఉండాలి. పెద్ద గరిటెతో నెయ్యి వేస్తాను.

అయ్యన్న.


రాయచోటి,
ఉగాది ముందు రోజు.

బావా,

పైన ఊరి పేరు చూసి కంగారుపడవద్దు. అక్కకు మాత్రం నెమ్మదిగా చెప్పు.

ఈ పొద్దున హుసేన్ వలి కాకీ చొక్కాలో, నిటారుగా, బస్టాండుకు వచ్చాడు. నడుము వంపు పోయింది. పాత అలవాటున రెండు మూటలు టాపు మీదికి ఎక్కించి, ఆ తర్వాత తలుపు ముందు నిలబడ్డాడు. జనం వచ్చి గుద్దుకున్నారు, కాకీ చూసి కొందరు గుద్దుకోకుండానే ఆగారు. "ఎక్కు రైటరయ్యా!" అన్నాడు. వాడి మోచేతి సందున నేను జారాను బావా, గాబ్రియేలులాగ! జనమంతా నన్ను తిడుతున్నారు. వాడు గిర్రున తిరిగి నా పక్కన కూర్చున్నాడు. కిటికీ సీటు నాది. ఒకరి మొగం ఒకరు చూసుకుని అంత గర్వపడిన ఇద్దరు మనుషులు ఆ బస్టాండులో ఎప్పుడూ కూర్చుని ఉండరు.

ఊరు దాటాక ఎండ నా వైపు రావలసింది వాడి వైపు వచ్చింది. నేను దానికి కూడా ఏదో కారణం చెప్పాను. కండక్టరు వచ్చి "రాయచోటికి రెండా?" అని అడిగాడు.

ఇప్పుడు మీ కర్నూలుకు సరిగ్గా ఎదురు దిక్కున, ఇక్కడి హోటల్లో కూర్చుని రాస్తున్నాను. కడపకు మళ్లీ పోయే బస్సు సాయంత్రం. హుసేన్ వలి చాలాసేపు నవ్వాపుకుని, చివరికి అన్నాడు:

"ఏమనుకోవద్దు రైటరయ్యా. నిలబడుకునేది నేర్పిస్తివి, తిరిగేది నేర్పిస్తివి. బుట్ట ఏ పక్క ఉండాదో ముందు చూసుకోవాలని ఆ పుస్తకంలో లేదా?"

ఆ పుట చిరిగిపోయిందని చెప్పాను.

నీ బామ్మర్ది,
ఓబులేసు.